ఉంగరపు వేలంత నీలం మచ్చ

సోమవారం. కడిగినవి 14.

ఈ పుస్తకంలో కడిగిన కడ్డీల నంబర్లు రాయాలి, ఏ తట్టలో పెట్టామో రాయాలి, తట్ట ఏ ఊరి ఆసుపత్రికి పోయిందో రాయాలి. అంతకు మించి రాయకూడదని ఎవరూ చెప్పలేదు. మూడేళ్ల నుంచి ఈ బల్ల దగ్గర నేనే రాస్తున్నాను. ఇంతవరకు ఎవరూ తెరిచి చదివింది లేదు. అందుకని ఇందులోనే రాస్తున్నాను. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి.

నా కూతురు దమయంతి పోయి పన్నెండు రోజులైంది. నిన్నటితో కర్మ అయిపోయింది. ఈ రోజు పనిలోకి వచ్చాను.

వచ్చేసరికి బల్ల మీద పద్నాలుగు మూటలున్నాయి. ఒక్కో మూటకీ ఒక ఊరి పేరు, పోయిన మనిషి పేరు. విప్పితే బూడిద, బూడిదలో ఆ మనిషి విరిగిన ఎముకకు వేసిన కడ్డీ. తొడ ఎముకవి పొడుగ్గా ఉంటాయి, చేతివి పొట్టిగా. ఒకటి తుంటిది, చిన్న గిన్నెలా ఉంది. బూడిదను కుండలో పోసి ఆ ఇంటివాళ్లకు తిరిగి పంపాలి. లోహం మాత్రం మేము పనిచేసే ఈ పూతశాలది. సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక ఉన్నన్నాళ్లు అందులోంచి కొత్త టైటానియం తీసేవారట. ఆ ఒడ్డు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఇక ఉన్నది ఇదే, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి తిరగాల్సిందే. మోసిన మనిషికి ఒకటి చొప్పున కడ్డీ చివర గీత గీస్తారు. ఈ రోజు వచ్చిన ఒకదాని మీద తొమ్మిది గీతలున్నాయి. తొమ్మిది మందిని నడిపించి వచ్చింది.

ముందు ఇసుకతో రుద్దాను. తర్వాత చౌడు నీళ్లలో మరిగించాను. చివర్న మంచినీళ్లు పోసి చూశాను. జిడ్డంతా పోతే నీళ్లు కడ్డీ మీద ఒక్క పొరలా పరుచుకుంటాయి. ఎక్కడైనా విడిపోతే, చుక్కలుగా నిలబడితే, అక్కడ జిడ్డు మిగిలిందని లెక్క. జిడ్డు మీద పూత నిలవదు, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. నీళ్లు పోసి చూశాక చెయ్యి తగలకూడదు. పట్టకారుతో తట్టలో పేర్చి పక్కగదిలో పైడమ్మప్పకు ఇస్తాను. ఆమె తొట్టెలో ముంచి వెండి కలిసిన పూత ఎక్కిస్తుంది. పైకి తీసేసరికి కడ్డీ తేనె రంగులో ఉంటుంది.

మందులు పనిచేసే రోజుల్లో ఈ పూత లేకపోయినా మనుషులు బతికేవారని మా అమ్మ చెప్పేది. గాయం చీము పడితే బిళ్ల మింగేవారట, తగ్గిపోయేదట. ఇప్పుడు ఏ బిళ్లా పనిచేయదు. ఒంట్లో లోహం పెట్టాక దాని మీద క్రిమి చేరకుండా ఆపేది ఆ తేనె రంగు పూత ఒక్కటే.

దమయంతి కడ్డీకి పూత లేచిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మొహం చూడకుండా ఆ మాట చెప్పింది. ఆ కడ్డీకి పూత వేసింది పైడమ్మప్ప. ఆమె కళ్లకు పొర కమ్మి రెండేళ్లయింది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎక్కడా రాయలేదు. నేను రాస్తున్నాను.

మంగళవారం. కడిగినవి 9.

మధ్యాహ్నం పైడమ్మప్ప అంబలి తెచ్చి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

“ఏటే అసిరీ, దమయంతి గుంట కడ్డీ ఇంకా బల్లకి రాలేదు. మూడ్రోజుల్లో ఇచ్చీయాల కాదేటి” అంది.

“బూడిదలో దొరకలేదప్పా.”

“మూరెడు కడ్డీ దొరకలేదేటి? గుండుసూదేటది?”

ఆమె అంబలి గిన్నె నా వైపు ఇంకొంచెం జరిపింది. ఆ జరపడం చూస్తే ఒళ్లు మండింది.

“నీకు తొట్టె అగుపిస్తందేటప్పా? పూత ఎక్కిందో లేదో ఎలా సూసుకుంటన్నావు?” అన్నాను.

పక్క బల్లల వాళ్లు చేతులు ఆపేశారు. పైడమ్మప్ప లేచి, గోడ పట్టుకుని, “కళ్ళు పోనాయి గానీ ముక్కు పోలేదు. పూత పట్టినప్పుడు తొట్టె వాసన మారతాది. నా తొట్టెలోంచి పచ్చి కడ్డీ ఒక్కటీ బయటికి పోలేదు. అంబలి తాగు, పులిసిపోతాది” అని వెళ్లిపోయింది.

తాగలేదు. పులిసిపోయింది.

కడ్డీ దొరకలేదన్నది అబద్ధం. చితి ఆరాక నేనే ఏరాను. మా ఇంట్లో బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున ఉంది. గుడ్డలో చుట్టి పెట్టాను, ఇంతవరకు విప్పలేదు. ఒక్కసారి బల్ల మీదికి వస్తే దాన్ని నేనే రుద్దాలి, నేనే మరిగించాలి. నాలుగు నెలలు నా పిల్ల ఎముకను పట్టుకుని ఉన్నది, వచ్చే నెల ఇంకెవరి ఎముకనో పట్టుకుంటుంది.

బుధవారం. కడిగినవి 11.

పొద్దున బియ్యం తీస్తుంటే గుడ్డ తగిలింది. విప్పాను.

పిల్లకు పదిహేడేళ్లు. సముద్రానికి అడ్డంగా కడుతున్న కరకట్ట మీద రాళ్లు మోసేది. మాఘమాసంలో రాయి జారి తొడ మీద పడింది. కొలత తీసుకుని, మా తట్టలోనే సరిపోయే కడ్డీ ఉందని మా పూతశాల మేస్త్రి నర్సునాయుడుగారు చెప్పారు. నాలుగు గీతలున్న కడ్డీ. దాన్ని చివరిసారి మోసింది కరకవలసలో ఒక కుమ్మరి ఇంటి ఆడమనిషి. మనిషి పోయాక ఆమె లోహం ఎవరికి పోతే వాళ్లు ఆ ఇంటికి చుట్టాలవుతారు. ఎముక చుట్టాలంటాం. పిల్ల లేచి నిలబడగానే కరకవలస వెళ్లి ఆ ఇంట్లో అన్నం తిని వచ్చాం. అప్పటినుంచి దమయంతి ఆ కాలును కుమ్మరత్త అని పిలిచేది. చలికి కాలు బిగుసుకుంటే “అమ్మా, కుమ్మరత్త లెగనంటంది, నువ్వే నీళ్ళు తోడుకో” అనేది. పని తప్పించుకోవడానికి కూడా అదే మాట.

మూడో నెలలో కర్ర పారేసింది. నాలుగో నెలలో ఒకరోజు తొడ వేడిగా ఉందంది. చేయి తిప్పి వెనక భాగంతో రెండు తొడలూ తాకి చూశాను. ఒకటి చల్లగా, ఒకటి పొయ్యి పక్కన పెట్టిన గిన్నెలా ఉంది. ఆ రోజు నుంచి తొమ్మిదో రోజున పోయింది.

గుడ్డ విప్పితే కడ్డీ నల్లగా ఉంది. పూత ఉన్న లోహం చితిలో కాలితే బొగ్గు నలుపు తిరుగుతుంది. ఉత్త లోహం కాలితే నీలం తేలుతుంది, నెమలి మెడ మీద ఉండే నీలం. ఈ కడ్డీ కింది నుంచి పై దాకా నలుపే. ఒక్క చోట మాత్రం, గీతలకు రెండంగుళాల కింద, నీలం మచ్చ. గుండ్రంగా ఉంది. అంచుల దగ్గర పూత పెచ్చులుగా లేచి ఉంది.

తొట్టె పాడైతే పూత అంతటా పలచబడుతుంది, ఒకవైపంతా పోతుంది. మూడేళ్లలో అలాంటివి చూశాను. ఇంత గుండ్రంగా ఒక్క చోట పోవడం నేనెరుగను.

ఎందుకో ఉంగరపు వేలు దాని మీద పెట్టాను. సరిపోయింది.

గురువారం. కడిగినవి 3.

నిన్నటి మాట పూర్తిగా రాయలేకపోయాను. ఈ రోజు రాస్తాను.

కడ్డీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతోంది కాబట్టి ఆడపిల్లను సాగనంపినట్టు పంపాలని మా బల్లల దగ్గర ఒక ఆచారం. పూత అయిపోయి పెట్టెలో సర్దాక, పెట్టె మూత మీద పసుపు నువ్వుల నూనెలో తడిపి బొట్టు పెడతాం. మూత మీదే. లోపలిదాన్ని ముట్టుకోం.

దమయంతికని కడ్డీ తీసిన రోజు నేను మూత దాకా ఆగలేదు. కడిగాను, మరిగించాను, నీళ్లు పోసి చూశాను, నీళ్లు పరుచుకున్నాయి. తట్టలో పేర్చాను. తట్టకు ఇరవైనాలుగు. ఒకటి నా పిల్ల ఒంట్లోకి పోతుందన్న మాట మనసులో మెదిలింది. పసుపు గిన్నె పక్కనే ఉంది. ఉంగరపు వేలితో దానికి బొట్టు పెట్టాను. పెట్టాక మనసు ఒప్పలేదు. ఇరవైమూడు మంది పిల్లలో తల్లులో ఎవరో ఉన్నారు, నా ఒక్కదానికే పెట్టుకుంటే వాళ్ల ఉసురు తగులుతుందనిపించింది. వరసగా అన్నిటికీ పెట్టాను. తర్వాత పూతకు పోయే కడ్డీ కదా అని గుర్తొచ్చి, ఒక్కొక్కటీ కొంగుతో తుడిచేశాను. పసుపు కనబడలేదు. తట్ట పైడమ్మప్పకు ఇచ్చాను.

ఈ రోజు మూడు కడిగాక నాలుగోదాన్ని పక్కన పెట్టాను. పనికిరాని తునక ఒకటి తీసుకుని రుద్ది, మరిగించి, నీళ్లు పోశాను. పొర విడలేదు. ఆరబెట్టి, నూనె పసుపు బొట్టు పెట్టి, కొంగుతో తుడిచాను. పసుపు పూర్తిగా పోయింది. అప్పుడు మళ్లీ నీళ్లు పోశాను.

నీళ్లు అన్ని వైపులా పరుచుకుని, ఒక్క చోట చుట్టూ తిరిగి పోయాయి. మధ్యలో గుండ్రంగా పొడిగా ఉండిపోయింది. పసుపు పోయింది, నూనె పోలేదు.

ఇంకోసారి పోశాను. అంతే. ఇంకోసారి. కుండ ఖాళీ అయ్యేదాకా పోశాను.

శుక్రవారం. కడిగినవి లేవు.

పాత పేజీలు తిరగేశాను. ఆ తట్ట ఏ ఊళ్లకు పోయిందో చూద్దామని. అంతకంటే ముందే వేరేది కనబడింది. చైత్రమాసం, నా చేతిరాతే. “ఉప్పుదిబ్బ నుంచి వచ్చిన తొడ కడ్డీ. చిన్న నీలం మచ్చ. ఇసుకతో రుద్దితే పోయింది.” పద్దెనిమిది రోజుల తర్వాత మళ్లీ, “తాటిగుడ్డి. నీలం మచ్చ ఒకటి. రుద్దాను.” రెండూ ఆ తట్టలోని నంబర్లే. రెండోది రాసిన రోజుకి దమయంతికి వేడి రాలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఇద్దరం చింతచిగురు పప్పు తిన్నాం.

నేను మచ్చను రుద్దేశాను. అదేమిటని అడగలేదు.

ఇరవైనాలుగులో ముగ్గురు పోయారు. ఇరవైఒక్క మంది ఆ కడ్డీలతో నడుస్తున్నారు.

పైడమ్మప్ప గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆమె తొట్టె మీద మూత వేసి, తడిచేతులు చీరకు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టింది.

“ఆ మాట ఇంకెక్కడా అనకు” అంది.

“ఎలా అనకుండా ఉంటానప్పా?”

“నాను గుడ్డిదాన్నని ఊరందరికీ తెలుసు. మంగళారం నువ్వే అన్నావు, అందరూ ఇన్నారు. పూత నానే సరిగ్గా ఎయ్యలేదని సెప్పీ. నాకు డెబ్బై ఏళ్ళు. నన్నేటి సేత్తారు? తొట్టెలో ముంచి పూత ఏత్తారేటి?”

నవ్వించాలని అంది. తనే నవ్వలేదు.

“నీ మీద పెడితే ఏ తట్టదో తెలీదప్పా. తొట్టె పాడైందంటే అన్ని తట్టలూ పాడే. ఎవరి తొడ ముందు కొయ్యాలి? నిజం సెప్తేనే ఈ ఇరవైఒక్కమంది అని తెలుస్తాది.”

ఆమె చాలాసేపు నా వేళ్లు పట్టుకుని కూర్చుంది. ఏ వేలు ఏదో ఆమెకు కనబడదు, అయినా ఉంగరపు వేలే పట్టుకుంది.

శనివారం. కడిగినవి లేవు.

మేస్త్రి నర్సునాయుడుగారికి చెప్పాను. చెడ్డమనిషి కాదు. దమయంతి పాడె ఒక కొమ్ము ఆయనే మోశారు. వినేటప్పుడు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తునక మీద నీళ్లు పోసి చూపించాను. చూశారు.

“నాయుడుబాబూ, పేర్లు మీ పుస్తకంలో ఉన్నాయి. ఊళ్ళు నాకు తెలుసు, పేర్లు తెలీవు. ఇయ్యండి” అన్నాను.

“అసిరమ్మా, ఇను. ఇరవైఒక్కమందికి ఈ మాట సెప్తే ఇరవైఒక్క ఊళ్ళు ఇంటాయి. రేపట్నుంచి సితి కాడ లోహం ఎవడిత్తాడు? పూతశాల వోళ్ళు పసుపు రాసి సంపేత్తన్నారంటారు. కాలు ఇరిగినోడు మంచంలోనే కుళ్ళిపోతాడు. అది ఇరవై ఒకటితో ఆగదు.”

“అయితే ఏటి సేద్దాం?”

“అమాసకి పెద్దలు కూర్చుంటారు. అక్కడ పెడతాను.”

“అమాస పదకొండు రోజులుంది బాబూ. నా గుంట తొమ్మిదో రోజుకి పోనాది.”

ఆయన కిటికీ వైపు తిరిగారు. కిటికీ అవతల ఏమీ లేదు, నీళ్లే. “నీ బల్ల కాడికి ఎల్లు” అన్నారు.

బల్ల దగ్గరకి వెళ్లలేదు. ఇంటికెళ్లి చీర ఒకటి, మరమరాలు కొన్ని మూట కట్టుకున్నాను. పేర్లు లేకపోయినా పోనీ. ఏ ఊళ్లో అడిగినా ఎముక చుట్టాల భోజనం ఎవరింట్లో జరిగిందో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

రేవు దగ్గర పైడమ్మప్ప నిలబడి ఉంది. గోడ లేకుండా ఆమె అంతదూరం ఎలా వచ్చిందో తెలియదు. నా చేతిలో మడతపెట్టిన కాగితం పెట్టింది.

“మేస్త్రి నా సద్దిమూట కింద ఈ కాయితం మర్సిపోనాడు. ఆడికి మతిమరుపు లేదు, నాకు తెలుసు” అంది.

పుస్తకంలోంచి చింపిన పేజీ. ఇరవైనాలుగు పేర్లు. మూడింటి మీద గీత కొట్టి ఉంది. మూడోది మా పిల్ల పేరు.

బుధవారం. కడిగినవి లేవు.

నాలుగు రోజులు. పడవ, నడక, మళ్లీ పడవ. పుస్తకం వెంట తెచ్చుకున్నాను. ఇది కూడా పనే కదా.

పద్నాలుగు ఇళ్లు చూశాను. ప్రతి ఇంట్లో ఒకటే పద్ధతి. ముందు నా పేరు, ఊరు చెబుతాను. తప్పు నాదేనని చెబుతాను. ఎలా చేశానో చెబుతాను. తర్వాత చేతి వెనక భాగంతో కాలు తాకి చూస్తాను. చల్లగా ఉంటే, ఎముక అతుక్కుని ఉంటుంది కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లి కడ్డీ తీయించుకొమ్మంటాను. డాక్టరమ్మకు మొదటి రోజే చెప్పి వచ్చాను. ఆమె ఈసారి నా మొహం చూసింది. “పంపించండి, నేను తీస్తాను” అంది.

చల్లగా ఉన్నవి పదకొండు. వేడిగా ఉన్నవి రెండు. ఒక ఇంటికి వెళ్లేసరికి బయట పొయ్యి వెలిగించి ఉంది, లోపల ఏడుస్తున్నారు. అక్కడ ఏమీ చెప్పలేదు. మరునాడు చెబుదామని అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడి, వెనక్కి వెళ్లి చెప్పాను.

నన్ను కొట్టినవాళ్లు ఎవరూ లేరు. కొడితే బాగుండేది. కరకవలసలో ఒక చిన్నపిల్లల తల్లి, మగడి చేయి విరిగితే కడ్డీ వేయించుకున్నారు, ఆమె నా మాటలన్నీ విని ఒకటే అడిగింది.

“నీ గుంటకి పెట్టుకున్నావు, పెట్టుకో. మావోడికెందుకు పెట్టినావు?”

“మీవోడు కూడా బాగుండాలని పెట్టినానమ్మా.”

“మా బాగు నీకెవరు సూడమన్నారు?”

ఆమె మగడిది వేడి చేయి. అదే రోజు పడవెక్కించారు. పడవలో ఆమె నా ఎదురుగా కూర్చుంది, దారంతా నీళ్లవైపే చూసింది. ఆసుపత్రి మెట్ల దగ్గర మాత్రం నా మూట తను అందుకుంది.

ఆదివారం. కడిగినవి లేవు.

ఇరవై ఇళ్లు అయ్యాయి. వేడివి మొత్తం మూడు. మూడోది ఒక బడిపంతులమ్మది. నేను ముట్టుకోకముందే “తెలుసు, మూడు రోజులైంది, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను” అంది.

మిగిలింది ఒక్కరు. దీవిలో ఉంటాడు, పేరు గారయ్య. డెబ్బై దాటిన మనిషి, వలలు బాగుచేస్తాడు. నేను వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు. కాలు చాపి ఉంది. మొత్తం చెప్పాను. అల్లడం ఆపకుండానే విన్నాడు.

“ఇంత దూరం ఒచ్చినావు, మజ్జిగ తాగుతావా?” అన్నాడు.

“కాలు సూడనీ తాతా.”

“సూడు. ఈ వయసులో నా కాలు సూత్తానని ఓ ఆడమనిసి ఒచ్చిందంటే ముసిల్దుంటే ఊరుకునేదేటి?”

చేయి పెట్టాను. వేడిగా ఉంది. ఎక్కువ లేదు, ఒకటి రెండు రోజులది. ఆ మాట చెప్పాను.

“ఉండనీ. నా కాలు నాతోనే పోనీ. నా ఈడోళ్ళంతా పోనారు, ముసిల్దీ పోనాది. నన్ను కోసి మీరేటి సేసుకుంటారు?”

“తాతా, నాకు నల్ల కడ్డీలు కడగడం సాతకాదింక.”

నల్ల కడ్డీ అంటే ఏమిటని అడిగాడు. చితిలోంచి వచ్చేది నల్లగా ఉంటుందని, బతికున్న మనిషి ఒంట్లోంచి తీసింది తేనె రంగులో ఉంటుందని చెప్పాను. ఆ మాట విని వల కింద పెట్టాడు. చాలాసేపు కాలు నిమురుకున్నాడు.

“సరే. వత్తాను. నాకొకటి సెయ్యాల. పడవని బొట్టెట్టకుండా నీట్లోకి దింపం. నన్నూ అలగే దింపు. ముసిల్దుంటే అది ఎట్టును. నువ్వెట్టు.”

నా చేయి వెనక్కి పోయింది. “నా సేత్తో ఒద్దు తాతా” అన్నాను.

“నా నుదిటికి పూత ఎయ్యక్కర్లేదు గదా. ఎట్టు.”

గూట్లో పసుపు ఉంది. నూనె లేకుండా, నీళ్లతో తడిపాను. ఉంగరపు వేలితో పెట్టాను. అతని నుదురు కూడా కొంచెం వేడిగా ఉంది. పెట్టాక బయటికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కున్నాను. కాసేపయ్యాక చూసుకుంటే ఇంకా కడుక్కుంటూనే ఉన్నాను.

గురువారం. కడిగినవి 17.

అమావాస్య అయిపోయింది. పెద్దలు కూర్చున్నారు. నన్ను రేపటి తర్వాత బల్ల దగ్గర ఉండనివ్వరు. నీళ్లు మోసే పనిలో వేస్తారు. పూతశాల ముందు జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలని కూడా చెప్పారు. నర్సునాయుడుగారే రాశారు. నా పేరు రాయబోయి ఆగితే, రాయమని నేనే అన్నాను. లోహం ఇవ్వడం మానేస్తారని ఆయన భయపడ్డారు. ఊళ్లలో మాట పాకాక నాలుగు రోజులు మూటలు తగ్గాయి. తర్వాత మళ్లీ వస్తున్నాయి. మానేయడానికి ఎవరికీ వేరే దారి లేదు.

ఆసుపత్రి నుంచి పెట్టె వచ్చింది. ఎవరి కబురూ రాలేదు, కడ్డీలు మాత్రమే. మూత తీసే ముందు పైడమ్మప్పను పిలిచాను. ఆమెకు కనబడదు, నేను ఒక్కొక్కటీ చెబుతుంటే వింటుంది.

“తేనె” అన్నాను. “తేనె. తేనె.”

అలా పదిహేడు చెప్పాను. కరకవలస చేతి కడ్డీ కూడా అందులో ఉంది. ఆ పదిహేడూ ఈ రోజు కడిగాను.

నల్లవి మూటల్లో విడిగా వచ్చాయి. మూడు. ఒకటి నేను వెళ్లేసరికే పోయిన ఇల్లు. ఒకటి పంతులమ్మది. ఒకటి చల్లగా ఉందని నేను చెప్పిన పదహారేళ్ల పిల్లది. కోసినా కడ్డీ ఊడి రాలేదట, కోసినచోట చీము పట్టిందట. చల్లగా ఉన్న కాలు. నేనే కోయించుకోమన్నాను. వాళ్ల అమ్మకు చేతులు పట్టుకుని మరీ చెప్పాను.

గారయ్యది రాలేదు. తేనెలోనూ లేదు, నలుపులోనూ లేదు.

శుక్రవారం. కడిగినవి 5.

నా చివరి రోజు. నా బల్లకు వచ్చిన కొత్త పిల్ల పేరు నీలవేణి. రుద్దడం, మరిగించడం చూపించాను. నీళ్లు ఎలా పోయాలో చూపించాను. “నీళ్ళు పరుసుకున్నాక దేవుడొచ్చి అడిగినా ముట్టుకోకూడదు” అన్నాను. ఎందుకని అడిగింది. తునక మీద బొట్టు పెట్టి, తుడిచి, నీళ్లు పోసి చూపించాను. ఆ పిల్ల పొడిగా ఉన్న చోటును చాలాసేపు చూసింది. గోడ మీద కాగితం చదివే ఉంటుంది.

మధ్యాహ్నం ఆసుపత్రి పడవ వచ్చింది. చిన్న గుడ్డమూట. బూడిద లేదు, తేలిగ్గా ఉంది. విప్పితే తేనె రంగు. కడ్డీకి ఒక వలదారం ముడి వేసి ఉంది, గట్టి జాలరి ముడి. విప్పడానికి గోళ్లు సరిపోలేదు, పళ్లతో విప్పాను. పైడమ్మప్పను పిలిచి చెప్పాను. “ముసలోడు బతికినాడేటి” అని నా పక్కన కూర్చుని, అంబలి గిన్నె నా వైపు జరిపింది. ఈసారి తాగాను.

అదీ, మూడు నల్లవీ కడిగాను. ఇరవైనాలుగులో పద్దెనిమిది తేనె. ఆరు నలుపు. ఆ ఆరింటిలో ఐదు నా చేతి మీదుగా పోయాయి. ఒకటి మిగిలింది.

దాన్ని పొద్దున్నే ఇంటి నుంచి తెచ్చాను. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాను. నర్సునాయుడుగారు గుమ్మంలోకి వచ్చి, చూసి, నెల రోజులు ఎక్కడ దాచావని అడగకుండా వెళ్లిపోయారు. నీలవేణి నేను చేస్తానంది. వద్దన్నాను.

ఇసుకతో రుద్దాను. నలుపు తొందరగానే పోయింది. నీలం పోవడానికి చాలాసేపు పట్టింది. పోయేదాకా రుద్దాను. ఈసారి అదేమిటో తెలిసి రుద్దాను. చౌడు నీళ్లలో రెండుసార్లు మరిగించాను. చివర ఐదో గీత గీశాను.

నంబరు రాశాను. తట్ట నంబరు రాశాను. ఏ ఊరికి పోతుందో తెలియదు, ఆ గడి ఖాళీగా వదిలాను, నీలవేణి నింపుతుంది. పెట్టె మూత మీద బొట్టు పైడమ్మప్ప పెడతానంది.

ఎవరి కాల్లోకి పోతావో తల్లీ, వాళ్లను సరిగ్గా నిలబెట్టు. కుమ్మరత్త లేవనంటోందని వంకలు పెట్టకు.

మంచినీళ్లు పోశాను. పై నుంచి కిందిదాకా ఒక్క పొరలా పరుచుకున్నాయి. ఎక్కడా విడిపోలేదు. పట్టకారుతో తీసి తట్టలో పెట్టాను. చెయ్యి తగలనివ్వలేదు.